డీఎన్‌ఏ సంగతి తరువాత, ముందు ఆ చొక్కా ఎక్కడుందో కనుక్కోండి

ప్రశ్న: అయ్యా, మాది ఉదయగిరి పక్క పల్లె. 2016లో మా ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దావిడను చంపి బంగారు గాజులు తీసుకుపోయినారు. అంతకు ముందు రెండు రోజులు మా తమ్ముడు వాళ్ళింట్లో కట్టెలు కొట్టే కూలికి పోయినాడు. ఆ కారణం పెట్టి పట్టుకున్నారు. 2019లో నెల్లూరు సెషన్స్ కోర్టులో యావజ్జీవం పడింది. ఇప్పుడు చెముడుగుంట జైల్లో ఉన్నాడు. హైకోర్టులో అప్పీలు అప్పుడే వేసినాము, ఇంకా విచారణకు రాలేదు. వాడి చొక్కా మీద రక్తం బి గ్రూపు, చనిపోయినామెది కూడా బి అని రిపోర్టు. మా తమ్ముడిదీ బి గ్రూపే. కట్టెలు కొడతా వేలు తెగింది, అది నా రక్తమే అని వాడు మొదటి నుంచీ చెబుతున్నాడు. వాడి వెంట్రుకలు పంపితే ఒక ప్రైవేటు ల్యాబు డీఎన్‌ఏ రిపోర్టు ఇస్తుందంట, పదిహేను వేలు అడిగినారు. కట్టమంటారా?
— ఒక అక్క

జవాబు: కట్టొద్దమ్మా.

మీ తమ్ముడి వెంట్రుకల్లో ఉండేది మీ తమ్ముడి డీఎన్‌ఏ. దాన్ని ఎంత గొప్ప ల్యాబులో పరీక్షించినా వచ్చేది అతని అంకెల పట్టిక ఒక్కటే. దాన్ని పోల్చి చూడాల్సిన చొక్కా కోర్టు సీలు కింద ఉండాలి. కోర్టు ఉత్తర్వు లేకుండా తీసిన నమూనా ఎవరిదో, ఎవరు తీశారో, ఎవరు పంపారో రుజువు చేయలేరు. అందుకని ఆ కాగితాన్ని జడ్జిగారు పక్కన పెట్టేస్తారు. మీ పదిహేను వేలు రాకపోకలకూ కాపీలకూ దాచుకోండి.

అయితే మీ కేసులో డీఎన్‌ఏకు పని లేదనుకోవద్దు. నిజానికి చాలా కేసుల కంటే మీ కేసులో ప్రశ్న సూటిగా ఉంది. మన దేశంలో బి గ్రూపు వాళ్ళు కోట్లల్లో ఉంటారు. చొక్కా మీద మరక బి అన్నంత మాత్రాన అది ఆమె రక్తమని ఎంత చెప్పవచ్చో, మీ తమ్ముడిదని కూడా అంతే చెప్పవచ్చు. డీఎన్‌ఏ పరీక్ష ఈ రెంటినీ విడదీస్తుంది. ఇప్పటి కిట్లు 20కి పైగా చోట్ల డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్క ఎన్నిసార్లు తిరిగి తిరిగి వచ్చిందో లెక్కపెడతాయి. ఒక్కో చోట తల్లి నుంచి ఒక అంకె, తండ్రి నుంచి ఒక అంకె ఉంటాయి. దీన్నే ఎస్‌టీఆర్ పరీక్ష అంటారు. దీనికి ఒక నానోగ్రాము డీఎన్‌ఏ, అంటే సుమారు 150 కణాల్లో ఉండేది, చాలు. ఒక్క మైక్రోలీటరు రక్తంలోనే తెల్లకణాలు వేలల్లో ఉంటాయి కాబట్టి ఆవగింజంత మరక మిగిలినా ఆశ ఉన్నట్టే.

ఇక చొక్కాతోనే ఆగిపోవద్దు. ఆమె చీర కూడా సీజ్ చేసి ఉంటారు. అది ఎందుకు కావాలంటే, చొక్కా రక్తం ఆమెది కాదని చెప్పడానికి ఆమె డీఎన్‌ఏ ఎక్కడో ఒకచోట దొరకాలి. దహనం చేసి ఉంటే వేరే దారి ఆమె పిల్లల రక్తమే. వాళ్ళు మీకు ఎదుటి పక్షం, ఇస్తారో ఇవ్వరో. ఒంటిమీద రక్తంతో తడిసిన చీర ఉంటే ఆ బాధ తప్పుతుంది. తరువాత పోస్టుమార్టం సర్టిఫికెట్ తీసి ఒక్కో లైనూ చదవండి. చేతి గోళ్ళు కత్తిరించి భద్రపరిచాం అని గానీ, గుప్పిట్లో వెంట్రుకలు ఉన్నాయని గానీ రాసి ఉందా? డాక్టరు తీసి కానిస్టేబుల్‌కు ఇచ్చినవి ల్యాబుకు చేరకుండా ఉండిపోవడం కొత్తేమీ కాదు. పెనుగులాట జరిగి ఉంటే గోళ్ళ కింద దాడి చేసినవాడి చర్మం, రక్తం దొరకవచ్చు. చొక్కా కంటే అవే బలమైన సాక్ష్యం. ఎందుకంటే చొక్కా మీ తమ్ముడిది కాబట్టి అందులో అతని డీఎన్‌ఏ ఉండటం వింత కాదు, ఆమె గోళ్ళ కింద వేరే మగవాడిది ఉంటే అది వింతే. గుప్పిట్లో వెంట్రుకల విషయంలో మాత్రం తొందరపడకండి. చాలాసార్లు అవి చనిపోయినవాళ్ళ సొంత జుట్టే.

కొడవలి పిడి మీద, గొడ్డలి పిడి మీద ముట్టుకున్నవాళ్ళ డీఎన్‌ఏ ఆనవాళ్ళు తీయించమని మాత్రం అడగొద్దు. విచారణలో ఆ వస్తువును కోర్టు హాల్లో విప్పి సాక్షికి చూపించి ఉంటారు. క్లర్కు, ప్లీడర్లు, సాక్షి అందరూ వట్టి చేతులతో పట్టుకుని ఉంటారు. ఇప్పుడు తీస్తే పదిమంది కలిసిపోయి వస్తుంది, ఎదుటివాళ్ళకు అది గందరగోళం చేయడానికి పనికొస్తుంది. రక్తపు మరక అలా కాదు. ఎవరెవరు ముట్టుకున్నా వాళ్ళది కొద్దిగా కలుస్తుందే తప్ప ఆమె రక్తం మీ తమ్ముడి రక్తంగా మారదు.

మీ ఇంటిపేరు వాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటే ఇంకో సంగతి తెలిసి ఉండాలి. గోళ్ళ కింద ఆడమనిషి డీఎన్‌ఏ ఎక్కువగా, మగవాడిది కొంచెంగా ఉన్నప్పుడు వై-ఎస్‌టీఆర్ అనే పరీక్ష చేస్తారు. మగవాళ్ళకు మాత్రమే ఉండే వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వస్తుంది. అన్నదమ్ములకే కాదు, పెదనాన్న కొడుకుకూ చిన్నాన్న కొడుకుకూ అదే ఉంటుంది. కాబట్టి వై కలిసింది అంటే ఆ వంశంలో మగవాడు అని మాత్రమే అర్థం, మీ తమ్ముడే అని కాదు. కలవలేదు అంటే మాత్రం అతనిది కాదనే. అలాగే కుదురు లేని వెంట్రుకకు మామూలు పరీక్ష కుదరదు, మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూడాలి. అది తల్లి నుంచి వస్తుంది. మీ అమ్మకూ మీకూ మీ తమ్ముడికీ ఒకటే. ఈ పరీక్ష అన్ని ల్యాబుల్లో చేయరు.

ఇప్పుడు అసలు పని. ఆ వస్తువులు ఉన్నాయా?

తీర్పు చివరి పేజీలు తెరవండి. సాక్షుల పేర్లు, పి-1, పి-2 అని కాగితాలు, ఎం.ఓ.1, ఎం.ఓ.2 అని వస్తువులు, వరుసగా జాబితా ఉంటుంది. చొక్కా ఏ ఎం.ఓ., చీర ఏ ఎం.ఓ. రాసుకోండి. ఆ జాబితాకు ముందు, శిక్ష పేరా కింద, ఎవరూ చదవని రెండు లైన్లు ఉంటాయి: అప్పీలు గడువు తీరాక ఫలానా ఎం.ఓ.లను ధ్వంసం చేయాలి, బంగారం ఫలానావారికి ఇవ్వాలి అని. మీ ప్రమాదం ఆ రెండు లైన్లలోనే ఉంది. పాత నేర విచారణ పద్ధతి చట్టం, అంటే సీఆర్‌పీసీ, 452(4) ప్రకారం రెండు నెలల దాకా, అప్పీలు వేస్తే ఆ అప్పీలు తేలేదాకా అలాంటి ఉత్తర్వు అమలు చేయకూడదు (దాని బదులు 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇది 498). చట్టం అలా ఉంది సరే, అప్పీలు పడిందన్న సమాచారం కింది కోర్టు ప్రాపర్టీ గదికి చేరకపోతే? గది నిండిందని ఒకరోజు పాతవన్నీ తగలబెడితే?

ఇది ఊహించి చెప్పడం లేదు. 2007లో ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో శిక్షపడిన యువకుణ్ణి హైకోర్టు 2017 మార్చి 31న నిర్దోషిగా వదిలింది. తరువాత దర్యాప్తు సీబీఐకి వెళ్ళేసరికి, విజయవాడ కోర్టులో ఉండాల్సిన వస్తువులు అప్పటికే ధ్వంసమైపోయాయి. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వాల్సి వచ్చింది. దీనికి అటువైపు ఉదాహరణ అమెరికాలో ఉంది. మేరీల్యాండ్‌లో మొదట మరణశిక్ష, తరువాత యావజ్జీవం పడిన కిర్క్ బ్లడ్స్‌వర్త్ 1993లో డీఎన్‌ఏ వల్ల బయటపడ్డాడు. పరీక్షించిన బట్ట దొరికింది ఏ భద్రమైన గదిలోనో కాదు, జడ్జిగారి ఛాంబర్ అల్మరాలో, కాగితపు సంచిలో. ఎవరో పారేయకపోవడం వల్ల అతను బయటపడ్డాడు.

కాబట్టి మొదటి వారంలోనే నెల్లూరు కోర్టు కాపీయింగ్ సెక్షన్లో దరఖాస్తు పెట్టి తీర్పు, శవ పంచనామా, పోస్టుమార్టం సర్టిఫికెట్, చొక్కా సీజ్ చేసిన మధ్యవర్తుల రిపోర్టు, ల్యాబుకు పంపుతూ పోలీసులు రాసిన లెటర్ ఆఫ్ అడ్వైస్, ఎఫ్‌ఎస్‌ఎల్ (ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు, వీటి సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. అప్పీలు వల్ల రికార్డు హైకోర్టుకు వెళ్ళి ఉంటే అక్కడే తీయాలి. వస్తువులు మాత్రం మామూలుగా కింది కోర్టులోనే ఉంటాయి. దరఖాస్తులో స్టేషన్ క్రైమ్ నంబరు, మేజిస్ట్రేటు కోర్టు పీఆర్‌సీ నంబరు (కేసును సెషన్స్‌కు పంపే ముందు అక్కడ వేసేది), సెషన్స్ కేసు నంబరు మూడూ వేయండి. ఒక గదిలో వస్తువు ఒక నంబరు మీద, ఇంకో గదిలో ఇంకో నంబరు మీద నమోదై ఉంటుంది. సెషన్స్ నంబరు ఒక్కటే పట్టుకుని వెళితే లేదు అనే జవాబు వస్తుంది.

లెటర్ ఆఫ్ అడ్వైస్ ముఖ్యం. ల్యాబు అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. మరక రక్తమా, మనిషిదా, ఏ గ్రూపు అని మూడే ప్రశ్నలు ఉంటే వాళ్ళు డీఎన్‌ఏ జోలికి పోరు. ఎందుకు పరీక్షించలేదని కోర్టు అడిగినప్పుడు మీ వకీలు చూపించాల్సిన కాగితం ఇదే. ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు పైన ఏ ల్యాబో ఉంటుంది. మిగిలిన ముక్కలు సీలు వేసి కోర్టుకు తిరిగి పంపామని ఉంటే, చేరిన తేదీ ప్రాపర్టీ రిజిస్టరులో సరిచూడండి.

దొరికిన చొక్కా పరీక్షకు పనికొస్తుందా అన్నది అది ఎలా ఉందన్న దాన్ని బట్టి. ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టి ఉంటే పదేళ్ళు పెద్ద లెక్క కాదు. తడి మీదే ప్లాస్టిక్ కవర్లో కుక్కి ఉంటే బూజు, బాక్టీరియా డీఎన్‌ఏను తినేస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర పడే వానలకు తేమ పట్టే గదుల్లో ఇది మరీ ఎక్కువ. చీర, చొక్కా ఒకే మూటలో కట్టారా అన్నది కూడా మధ్యవర్తుల రిపోర్టులో చూడాలి. తడి చీర రక్తం చొక్కాకు అంటుకుంటే మీ తమ్ముడికి వ్యతిరేకంగా తప్పుడు ఫలితం వస్తుంది. ల్యాబు మరక ఉన్నచోటు కత్తిరించి వాడుకుని ఉంటుంది, చొక్కాకు అక్కడ రంధ్రం ఉంటుంది. దాని అంచున మరక మిగిలిందా అన్నది విప్పితే గానీ తెలియదు. మీరు విప్పించొద్దు, ఉందో లేదో రిజిస్టరులో కనుక్కుంటే చాలు.

ఉందని తెలిసిన వెంటనే రెండు పిటిషన్లు. ఒకటి, ఆ ఎం.ఓ.లను అప్పీలు తేలేదాకా ముట్టుకోవద్దని హైకోర్టు ఉత్తర్వు. దాని నకలు సెషన్స్ కోర్టుకు చేరి, ప్రాపర్టీ రిజిస్టరులో ఎక్కిందో లేదో చూసుకోండి. రెండోది అసలుది, అప్పీలు కోర్టు అదనపు సాక్ష్యం తీసుకోవాలని సీఆర్‌పీసీ 391 కింద. మీ అప్పీలు 2024 జులై 1కి ముందే పెండింగులో ఉంది కాబట్టి బీఎన్‌ఎస్‌ఎస్ 531 ప్రకారం పాత సెక్షనే వర్తిస్తుంది. ఆ తేదీ తరువాత వేసిన అప్పీలైతే బీఎన్‌ఎస్‌ఎస్ 432.

ఈ పిటిషన్ సులువుగా ఒప్పుకోరు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ శిక్షపడినవాళ్ళు డీఎన్‌ఏ పరీక్ష అడగడానికి ప్రత్యేక చట్టం ఉంది. 1989 నుంచి 2020 దాకా అక్కడ 375 మంది డీఎన్‌ఏ వల్ల నిర్దోషులుగా తేలారు. మనకు అలాంటి చట్టం లేదు. డీఎన్‌ఏ బిల్లు 2019లో పెట్టి 2023లో వెనక్కి తీసుకున్నారు. ఉన్నదల్లా 391. విచారణలో తగిన శ్రద్ధ పెట్టినా ఆ సాక్ష్యం ఇవ్వలేకపోయారని గానీ, ఆ సంగతి తరువాత బయటపడిందని గానీ చూపిస్తేనే ఆ అధికారం వాడాలని 2024 జనవరిలో అజిత్‌సిన్హ్ రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ‘న్యాయం కోసం పరీక్ష చేయించండి’ అని ఒక లైను రాస్తే కొట్టేస్తారు. పిటిషన్లో ఐదు సంగతులు విడివిడిగా ఉండాలి: ఏ ఎం.ఓ., ఏ మరక, దాని మీద ఏ పరీక్ష, ఆ ఫలితం తీర్పులోని ఏ పేరాను పడగొడుతుంది, అప్పుడెందుకు అడగలేదు. చివరిదానికి నిజమే రాయండి. లెటర్ ఆఫ్ అడ్వైస్‌లో అడగలేదని, ముద్దాయి కూలివాడని, ప్రభుత్వం పెట్టిన ప్లీడరు ఉంటే ఆ మాట, వేలు తెగిందని 313 స్టేట్‌మెంటులో (జడ్జిగారు ముద్దాయిని అడిగి రాసుకున్నదానిలో) చెప్పి ఉంటే ఆ పేరా నంబరు. అరెస్టు నాటి మెడికల్ రిపోర్టులో వేలి గాయం నమోదై ఉందేమో తప్పకుండా చూడండి. ఆ ఒక్క లైను ఉంటే పిటిషన్ బలమే వేరు.

ఒప్పుకుంటే నమూనా ఎలా తీస్తారో చెబుతాం. కోర్టు చెప్పిన తేదీన ప్రభుత్వ డాక్టరు మీ తమ్ముడి రక్తం రెండు మూడు మిల్లీలీటర్లు ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ఉన్న ఊదారంగు మూత ట్యూబులో తీస్తారు, లేదా ఎఫ్‌టీఏ కార్డు అనే ప్రత్యేక కాగితం మీద చుక్కలు ఆరబెడతారు. ఆకుపచ్చ మూత ట్యూబు వాడకూడదు, అందులోని హెపారిన్ పరీక్షకు అడ్డుపడుతుంది. గుర్తింపు ఫారంలో ఫొటో, వేలిముద్ర, సాక్షుల సంతకాలు ఉండాలి. సీలు నమూనా వేరే కాగితం మీద వేసి కోర్టులో పెట్టాలి. సీలు వేసిన తేదీకీ ల్యాబు గేటు దాటిన తేదీకీ మధ్య ఎన్ని రోజులు, అవి ఎవరి దగ్గర ఉన్నాయి అన్నదాని మీదే చాలా కేసులు నిలుస్తాయి, కూలుతాయి. ఒక యువతిపై అత్యాచారం, హత్య జరిగిన ఢిల్లీ ఛావ్లా కేసులో 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు 27 దాకా పోలీసు మాల్‌ఖానాలోనే (స్టేషన్లో వస్తువులు దాచే గదిలోనే) ఉన్నాయి. ఆ అనుమానం ఒకటి, డీఎన్‌ఏ ఫలితానికి ఆధారమేమిటో కింది కోర్టులు చూడకపోవడం ఒకటి, ఇలాంటి లోపాలతో 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురినీ వదిలేసింది. 2025 జులైలో కట్టవెల్లై కేసులో 48 గంటల్లో నమూనా ల్యాబు చేరాలనీ, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో రిజిస్టరు ఉండాలనీ ఆదేశించింది. ఆ రిజిస్టరు శిక్ష పడేదాకా లేక విడుదల దాకా అన్నారు. అప్పీలు దాకా అని ఉంటే మీలాంటివాళ్ళకు ఇకముందైనా ఇంత వెతుకులాట తప్పేది.

రిపోర్టుతో పాటు పట్టికలు, గ్రాఫులు కూడా ఇవ్వాలని ఉత్తర్వులోనే రాయించుకోండి. ‘కలిసింది’, ‘కలవలేదు’ అన్న ఒక్క ముక్క చాలదు. మరకంతా ఒకేసారి వాడేయకుండా కొంత మిగల్చమని, తీసిన డీఎన్‌ఏలో మిగిలింది భద్రపరచమని కూడా అడగండి. ఫలితం తేలలేదు అని వస్తే అది మీ ఓటమి కాదు, గెలుపూ కాదు. డీఎన్‌ఏ చెడిపోయిందని మాత్రమే. అప్పుడు మిగిలిన ముక్క విలువ తెలుస్తుంది.

చొక్కా రక్తం మీ తమ్ముడిదే అని తేలిందనుకోండి. వెంటనే ఇంటికి పంపుతారా? పంపరు. పట్టుబడిన గాజుల సంగతి ఉంటే అది ఉంటుంది, చివరిసారి ఆమెతో చూశామన్న సాక్షి ఉంటే ఆ మాటా ఉంటుంది. కాకపోతే ఇవన్నీ సందర్భ సాక్ష్యాలు. ఒక లంకెకు ఇంకో లంకె తగిలి గొలుసు పూర్తి కావాలని శరద్ బిర్ధిచంద్ శార్దా కేసులో 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చొక్కా లంకె ఊడితే మిగతావి నిలుస్తాయా అన్నది వకీలు వాదించాలి. గోళ్ళ కింద వేరే మగవాడు దొరికితే మాత్రం కేసు రూపమే మారిపోతుంది.

వకీలుకు డబ్బు లేదని ఆగొద్దు. జైల్లో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్లోనే ఉంది. నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఉచిత న్యాయ సహాయానికి దేశమంతటికీ ఒకటే ఫోన్ నంబరు, 15100. అప్పీలు హైకోర్టులో కాబట్టి అమరావతి హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు పంపమని అడగండి. ఇంకో సంగతి కూడా వకీలును అడగండి. అప్పీలు తేలక ఐదేళ్ళు జైల్లో ఉన్న యావజ్జీవ ఖైదీలకు బెయిలు ఇవ్వవచ్చని 2016లో బచ్చు రంగారావు కేసులో ఉమ్మడి హైకోర్టు చెప్పింది. అందులో మినహాయింపులు ఉన్నాయి, సొత్తు కోసం హత్య అన్న కేసు వాటిలో పడుతుందేమో ఆయన చూసి చెప్పాలి.

అప్పీలు ఈలోగా విచారణకు వచ్చేస్తే ముందు ఈ పిటిషన్ వినమని అడగాలి. అప్పీలు కొట్టేశాక హైకోర్టు తన తీర్పును తనే తిరగదోడలేదు. అప్పుడు 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్ళాలి, అక్కడ మొదటిసారిగా డీఎన్‌ఏ మాట ఎత్తితే ఇంతకాలం ఏం చేశారంటారు.

వచ్చే ములాఖత్‌లో మీ తమ్ముణ్ణి నిలదీసి కాదు, నిదానంగా ఒక్క మాట అడగండి: రక్తం ఆమెదే అని వస్తే ఏం చెబుతావు? శవాన్ని చూడ్డానికి వెళ్ళి లేపాడా, పట్టుకున్నాడా, ఆ రోజు ఆ ఇంటికి వెళ్ళాడా. పరీక్ష మనం అడిగి చేయించాక వ్యతిరేకంగా వస్తే ఆ కాగితం వెనక్కి తీసుకోలేం, అది అప్పీలులోనే ఉండిపోతుంది. అతను సరే అంటేనే ముందుకు వెళ్ళండి. అదే రోజు వకాలత్ (వకీలుకు అధికారం ఇచ్చే కాగితం) కూడా తీసుకుపోండి. దాని మీద అతని సంతకాన్ని జైలు అధికారి ధ్రువీకరించి స్టాంపు వేయాలి. అది లేకుండా తెస్తే మళ్ళీ ఉదయగిరి నుంచి చెముడుగుంట దాకా రావాల్సి వస్తుంది.